తనువూ తల్లితనమూ

స్త్రీని తల్లిగా పూజించడం తెలుగువారికి అనాదిగా వస్తున్న ఆచారం. ఉత్తరాంధ్రలో ఆ భక్తి మరింత ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. విజయదశమి వెళ్ళిన తరువాత వచ్చే మంగళవారం నాడు విజయనగరంలో జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి లక్షలాది జనం తరలివస్తారు. శ్రీకాకుళం సీమలోనూ గ్రామదేవతను ‘తల్లి’ అని పిలవని పల్లె అరుదు. అయితే ఒక వైరుధ్యాన్ని గమనించాలి. అమ్మవారికి తొలి నైవేద్యం సమర్పించే ఇంట్లోనే కన్నతల్లి అందరూ తిన్న తరువాత, గిన్నెలో మిగిలినదానితో కడుపు నింపుకొంటుంది. గుడిలోని తల్లికి మొదటి ముద్ద, ఇంట్లోని తల్లికి చివరి ముద్ద. ఈ తేడాను త్యాగమని కీర్తించడం మనకు అలవాటైపోయింది. స్త్రీ తన దేహాన్ని తాను ప్రేమించుకోవడం, దాని ఆకలినీ అలసటనూ గుర్తించడం స్వార్థమా, ధర్మమా? ఈ ప్రశ్నను నేటి యువతరం తప్పక ఆలోచించాలి.

స్త్రీదేహాన్ని గురించి సాహిత్యం ఎంతో చెప్పింది. ప్రబంధకవులు నాయికను ఆపాదమస్తకం వర్ణించారు. ముఖాన్ని చంద్రునితో, కన్నులను కలువలతో, కురులను తుమ్మెదలతో పోల్చారు. నడుము అసలు ఉన్నదా లేదా అని సందేహించడం ఒక కవిసమయం. ఆ వర్ణనల్లోని కల్పనాశక్తిని, పదలాలిత్యాన్ని ఎవరూ కాదనలేరు. కాని అవి చూసేవారి కన్నులతో చేసిన వర్ణనలు. ఆ నాయికకు ఆకలి వేయదు, కాళ్ళు నొప్పిపుట్టవు, ఎండకు మేను కమలదు. కవిసమయం కావ్యానికి అలంకారమే తప్ప జీవితానికి కొలబద్ద కాదు. ఈ భేదాన్ని మరచినప్పుడే అనర్థం మొదలవుతుంది.

నేడు ఆ కొలబద్ద కావ్యాల నుండి వెండితెరకు, అక్కడి నుండి ప్రకటనలకు, చివరకు చేతిలోని ఫోనుకు చేరింది. ఛాయాచిత్రంలో మేనిచాయను తెలుపు చేయడం, నడుమును సన్నగా చూపడం క్షణాల పని. ఆ విధంగా దిద్దిన బొమ్మను నిజమని నమ్మి, తన ప్రతిబింబాన్ని దానితో పోల్చుకొని కుమిలిపోయే బాలికలు ఎందరో ఉన్నారు. ఉదయం ఏమీ తినకుండా కళాశాలకు వచ్చి, మధ్యాహ్నానికి తల తిరిగి కూర్చుండిపోయే విద్యార్థిని సన్నబడటం లేదు, నీరసపడుతున్నది. మేనిచాయను మారుస్తానంటూ దశాబ్దాల తరబడి అమ్ముడుపోయిన ఒక ప్రసిద్ధమైన క్రీము, లోకంలో విమర్శలు పెరిగిన మీదట, 2020లో తన పేరులోంచి తెలుపును సూచించే మాటను తొలగించుకొన్నది. సీసా మీది పేరు మారినంత త్వరగా మనసులోని భావన మారలేదు. పెళ్ళిచూపుల్లో నేటికీ చదువు కంటే చాయ గురించిన ప్రశ్నే ముందు వినిపించే ఇళ్ళున్నాయి.

ఈ చర్చకు ఉత్తరాంధ్ర గడ్డ మీదనే ఒక ఉజ్జ్వలమైన ఉదాహరణ ఉన్నది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస సమీపంలోని ఊసవానిపేట కరణం మల్లీశ్వరి ఊరు. 1975లో జన్మించిన ఆమె బాల్యంలో బరువులెత్తే విద్య నేర్చుకోవాలని ముందుకు వచ్చినప్పుడు, బక్కపలచని పిల్ల ఇందుకు పనికిరాదన్న మాట వినవలసివచ్చింది. తల్లి శ్యామల ఆ మాటను అంగీకరించలేదు. కూతురికి ధైర్యం చెప్పి వెన్నంటి నిలిచింది. నీలంశెట్టి అప్పన్న శిక్షణలో తొలి పాఠాలు నేర్చిన మల్లీశ్వరి 1994, 1995 సంవత్సరాలలో వరుసగా ప్రపంచ విజేతగా నిలిచింది. కాలం గడిచింది. ఆమె పై తరగతిలో పోటీపడుతూ 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలకు ఎంపికైనప్పుడు, ఈసారి లావెక్కిందన్న విమర్శ వినిపించింది. ఒకే దేహం ఒకప్పుడు సన్నమని, మరొకప్పుడు లావని నిందకు గురి అయింది. లోకం చేతిలోని కొలబద్ద ఎంత నిలకడ లేనిదో ఇంతకంటే స్పష్టంగా చెప్పే దృష్టాంతం అక్కరలేదు.

ఆ నిందకు మల్లీశ్వరి మాటలతో బదులు చెప్పలేదు. మహిళల బరువులెత్తే పోటీలు ఒలింపిక్స్‌లో ప్రవేశించినది ఆ ఏడాదే. 2000 సెప్టెంబరు 19న 69 కిలోల విభాగంలో ఆమె మొదటి పద్ధతిలో 110 కిలోలు, రెండవ పద్ధతిలో 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యపతకం సాధించింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళగా చరిత్రలో నిలిచింది. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలకు సాహసించి సఫలం కాలేకపోయింది. అది సఫలమై ఉంటే స్వర్ణమే దక్కేది. ఆనాడు ఆమె భుజాల వెడల్పును, తొడల దార్ఢ్యాన్ని చూసి ఎవరూ ముఖం చిట్లించలేదు. జాతి యావత్తూ చేతులెత్తి నమస్కరించింది. దేహం ఎట్లా కనిపిస్తున్నదన్న ప్రశ్న మాసిపోయి, ఏమి చేయగలదన్న ప్రశ్న మిగిలింది. స్త్రీ తన దేహాన్ని చూసుకోవలసిన తీరు కూడా ఇదే.

ఇక్కడ మరొక విషయం స్మరించదగినది. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో వ్యాయామశాల నడిపిన మల్లయోధుడు కోడి రామమూర్తినాయుడిని ‘కలియుగ భీముడు’ అని ఈ ప్రాంతం గౌరవించింది. శ్రీకాకుళంలోని క్రీడామైదానానికి ఆయన పేరే పెట్టుకొన్నది. పురుషుని కండబలం ఊరికి కీర్తి అయినప్పుడు స్త్రీ కండబలం ఇంటికి చిన్నతనం ఎందుకు కావాలి? ఈ ప్రశ్నకు విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ గ్రామం సమాధానమిచ్చింది. ఆ చిన్న ఊరు బరువులెత్తే క్రీడాకారులకు పుట్టిల్లుగా పేరుపొందింది. అక్కడి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో 53 కిలోల విభాగంలో దేశానికి రజతపతకం తెచ్చింది.

క్రీడాకారిణులను చూడనక్కరలేదు. మోకాటి లోతు నీటిలో వంగి ఊడ్పులు ఊడ్చే రైతుకూలీ, పలాసలో రోజంతా కూర్చుని జీడిగింజలు వొలిచే కార్మికురాలు, తీరంలో చేపలగంప నెత్తినెత్తుకొని ఊళ్ళు తిరిగే మత్స్యకార మహిళ, సీతంపేట కొండలు దిగి సంతకు నడిచివచ్చే గిరిజన స్త్రీ, వీరందరి దేహాలూ బరువులు మోస్తున్నవే. వారి నల్లబడిన మేనిలో, కాయలు కాచిన అరచేతుల్లో ఇళ్ళకు ఇళ్ళు నిలిచి ఉన్నాయి. ఆ దేహాలను అందం కొలతలతో తూచబోవడం అవివేకం.

ఇక మాతృత్వం సంగతి. గర్భం ధరించిన స్త్రీ దేహంలో కలిగే మార్పులు సామాన్యమైనవి కావు. రక్తపరిమాణం దాదాపు సగం మేరకు పెరుగుతుంది. గుండె అధికంగా శ్రమిస్తుంది. కీళ్ళను పట్టి ఉంచే బంధనాలు సడలుతాయి. పొట్ట మీది చర్మం సాగి చారలు ఏర్పడతాయి. బరువు సాధారణంగా పది పన్నెండు కిలోల వరకు పెరుగుతుంది. కాన్పు తరువాత గర్భాశయం పూర్వస్థితికి రావడానికే ఆరు వారాలు పడుతుంది. తొమ్మిది నెలలలో మారిన దేహం తొమ్మిది దినాలలో మునుపటి రూపానికి రావాలనడం ప్రకృతివిరుద్ధం. అయినా బిడ్డను చూడటానికి వచ్చినవారిలో కొందరు తల్లిని చూసి “ఎంత పాడైపోయావమ్మా!” అనో, “ఎంత లావెక్కిపోయావు!” అనో అంటారు. ఆ మాట అన్నవారు మరచిపోతారు, విన్న తల్లి మరచిపోదు. ఆ చారలు దేహానికి పట్టిన మచ్చలు కావు, ఒక ప్రాణాన్ని మోసినందుకు మిగిలిన గుర్తులు.

ఈ సత్యాన్ని ప్రాచీనులు గ్రహించకపోలేదు. ఆయుర్వేద గ్రంథమైన సుశ్రుతసంహిత గర్భిణిని రెండు హృదయాలు గలది అన్న అర్థంలో పేర్కొన్నది. ఆమె కోరికలను తీర్చాలని, కాదంటే గర్భస్థశిశువుకు కీడు కలుగుతుందని హెచ్చరించింది. ఇందులోని ధ్వని గమనించదగినది. హృదయాలు రెండు అన్నారే కాని, బిడ్డ హృదయం రాగానే తల్లి హృదయం లేకుండా పోయిందనలేదు. తరువాతి లోకమే ఆ మొదటి హృదయాన్ని మరచిపోయింది.

మరచిపోయిన ఫలితం అంకెలలో కనిపిస్తున్నది. 2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం భారతదేశంలో 15 నుండి 49 ఏళ్ళలోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నది. ఆంధ్రప్రదేశ్ పరిస్థితి ఇంతకంటే మెరుగుగా లేదు. అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు వంటివి చాలినంత అందకపోవడం దీనికి ఒక ముఖ్యకారణం. పేదరికం పాత్ర ఉన్నమాట నిజమే. కాని కలిగిన ఇళ్ళలోనూ స్త్రీలకు రక్తహీనత ఉండటానికి, ఆమె ఆహారాన్ని ఆమె సైతం లెక్కలోకి తీసుకోకపోవడం ఒక కారణం కాదా? బాలింతకు పథ్యం పేరిట కూరలు తగ్గించడం, దాహమన్నా నీళ్ళు చాలినన్ని ఇవ్వకపోవడం కొన్ని ఇళ్ళలో ఇంకా ఉన్నది. పాలిచ్చే తల్లికి ఆహారమూ నీరూ మామూలు కంటే ఎక్కువ కావాలని వైద్యులు చెబుతున్నారు. ఆచారంలో మంచిని నిలుపుకోవాలి, హాని చేసేదాన్ని విడిచిపెట్టాలి.

“తనను తాను ప్రేమించుకోవడం స్వార్థం కదా, త్యాగం వల్లనే కదా అమ్మ గొప్పదైనది” అని కొందరు వాదించవచ్చు. త్యాగం గొప్పదే. అది ఇష్టపూర్వకమైనప్పుడే త్యాగమవుతుంది. ఒకరి మీద మాత్రమే నిత్యమూ మోపినప్పుడు అది భారమవుతుంది. దీపం వెలుగునివ్వాలంటే ప్రమిదలో నూనె ఉండాలి. నూనె పోయకుండా వత్తిని పొగడటం వల్ల ఇల్లు వెలగదు. తన ఆరోగ్యాన్ని కాపాడుకొనే తల్లి బిడ్డకు చెందవలసినదేదీ దొంగిలించడం లేదు. పైగా కూతురికి ఒక పాఠం నేర్పుతున్నది. అద్దం ముందు నిలిచి తనను తాను తిట్టుకొనే తల్లిని చూసిన కూతురు ఆ తిట్లనే నేర్చుకొంటుంది. తృప్తిగా కూర్చుని భోంచేసే తల్లిని చూసిన కూతురు ఆ తృప్తినే నేర్చుకొంటుంది.

మాతృత్వంతో స్త్రీ ఆశలు ముగిసిపోవు. మల్లీశ్వరి 2001లో తల్లి అయింది. ఆ తరువాత మళ్ళీ సాధన చేసి 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌కు వెళ్ళింది. అక్కడ గాయం వల్ల పోటీని పూర్తిచేయలేక క్రీడారంగం నుండి విరమించింది. పతకం రానంత మాత్రాన ఆ ప్రయత్నం విలువ తరగదు. 2021లో ఆమె ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయింది. మణిపురానికి చెందిన మేరీ కోమ్ 2007లో కవలలకు జన్మనిచ్చి, 2008లో ప్రపంచ బాక్సింగ్ విజేతగా, 2012లో లండన్ ఒలింపిక్ కాంస్యపతక విజేతగా నిలిచింది. అయితే తల్లులందరూ పతకాలు తేవాలని దీని అర్థం కాదు. విశ్రాంతి తీసుకొనే హక్కు, మళ్ళీ నిలబడే హక్కు రెండూ తల్లికి ఉన్నాయని అర్థం. ఆ విశ్రాంతిని చట్టమూ గుర్తించింది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, వేతనంతో కూడిన సెలవును 26 వారాలకు పెంచారు. పొలంలో కూలికి పోయే తల్లికి ఆ సెలవు దక్కడం లేదన్నది సమాజం సిగ్గుపడవలసిన విషయం.

తల్లి కాని స్త్రీ అసంపూర్ణురాలన్న భావన కూడా సరికాదు. 1757 నాటి బొబ్బిలి యుద్ధకాలంలో విజయనగర ప్రభువు సోదరియే పైడితల్లిగా వెలసినదని జనశ్రుతి. ఆమెను జనం బిడ్డలను కన్నందుకు తల్లి అనలేదు. తమ క్షేమాన్ని కోరినదని నమ్మి తల్లి అన్నారు. జానపదుల విశాలహృదయం చదువుకున్నవారికి ఆదర్శం కావాలి.

దేహాన్ని ప్రేమించడమంటే రోగాన్ని ఉపేక్షించడం కాదు. అధిక బరువు వల్ల మధుమేహం, రక్తపోటు వచ్చే అవకాశం పెరిగితే వైద్యుని సలహా పాటించవలసిందే. కాన్పు తరువాత మనసు ఎడతెగక కుంగిపోతుంటే అది బలహీనత కాదు, చికిత్సతో నయమయ్యే వ్యాధి. ప్రేమించిన వస్తువునే మనిషి జాగ్రత్తగా చూసుకొంటాడు. ద్వేషంతో చేసిన ఉపవాసం దేహాన్ని శిక్షిస్తుంది, ప్రేమతో చేసిన వ్యాయామం దేహాన్ని రక్షిస్తుంది.

ఈ బాధ్యత స్త్రీలది మాత్రమే కాదు. తోటి విద్యార్థిని రంగును, లావును పరిహాసం చేసే యువకుడు రేపు ఒక ఇంటి యజమాని, ఒక బిడ్డకు తండ్రి అవుతాడు. అతని నాలుక మీది మాట ఒక స్త్రీ కడుపులోని ఆకలిని శాసించగలదు. కనుక యువతులు అద్దం కంటే తమ శక్తిని ఎక్కువగా నమ్మాలి. యువకులు చూపును, మాటను సంస్కరించుకోవాలి. ఈ సంస్కారం ఆరంభం కావడానికి సభలూ ఉపన్యాసాలూ అవసరం లేదు. ఈ రాత్రి ఇంట్లో భోజనాల వేళ అమ్మకు కూడా పీట వేసి, అందరితో పాటు వేడివేడిగా వడ్డిస్తే చాలు.