హైడ్రోస్‌కీ మార్కులు పడతాయి

మా అనకాపల్లి వైపు ఇప్పుడు ఏ ఇంటికెళ్లినా బీపీ మాత్రల పక్కన ఇంకో డబ్బా కనబడుతోంది. లింగ్‌జీ, అంటే గానోడెర్మా పుట్టగొడుగు. చైనావాళ్లు తరతరాలుగా వాడుతున్నారట, రక్తంలో యాంటీఆక్సిడెంట్లు పెంచుతుందట. పెరిగితే ఏమిటి లాభం అని అడిగినవాళ్లు నాకింకా తగల్లేదు.

పెరుగుతుందా అని కొలిచినవాళ్లు మాత్రం ఉన్నారు. హాంకాంగ్ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయంలో ఐరిస్ బెంజీ బృందం ఆరోగ్యంగా ఉన్న 18 మందికి 4 వారాలు లింగ్‌జీ, ఇంకో 4 వారాలు ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి చూసింది. 2004లో అచ్చయిన ఆ ఫలితాల్లో రక్తంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. హానీ కనబడలేదు, ఆ మాటా చెప్పాలి. ఒక్క మోతాదు మింగిన కాసేపటికి యాంటీఆక్సిడెంట్ శక్తి పెరగడం ఇదే బృందం వేరే పరీక్షలో గమనించింది. అమ్మేవాళ్ల నోట ఆ కాసేపే వినబడుతుంది, 4 వారాల సంగతి రాదు.

అసలు ఆ కొలత ఎలాంటిదో చూడండి. బెంజీ, స్ట్రెయిన్ 1996లో ప్రకటించిన ‘ఫ్రాప్’ పరీక్షలో రక్తపు రసిని ఇనుము ఉన్న ద్రావణంలో కలుపుతారు. ఎంత నీలం తేలితే అంత శక్తి. ఆ నీలం ఏ మూలిక వల్ల వచ్చిందో పరీక్షకు పట్టదు. రసిలో ఆ శక్తి సగానికి పైగా యూరిక్ యాసిడ్‌దే, కీళ్లవాతం తెచ్చే ఆ యాసిడ్‌దే! అమెరికాలో లొటిటో, ఫ్రై అనే శాస్త్రవేత్తలు ఆపిల్ పళ్లు తినిపిస్తే ఈ అంకె పెరిగింది. అంతే ఫ్రక్టోజ్ నీళ్లలో కలిపి తాగించినా పెరిగింది. చక్కెర యూరిక్ యాసిడ్‌ను పెంచింది, అదే అంకెనూ పెంచింది. ఆ లెక్కన మన బెల్లం పానకానికీ లింగ్‌జీ పక్కన పీట వేయాలి.

బెల్లం అంటే గుర్తొచ్చింది. మునగపాక గానుగల దగ్గర పెనంలో చెరకు రసం మరిగి పాకానికొచ్చేటప్పుడు రంగు తేలడానికి హైడ్రోస్ అనే రసాయనం చల్లడం ఈ ప్రాంతంలో తెలియని సంగతి కాదు. పసుపుపచ్చ దిమ్మకు మార్కెట్లో ధర పలుకుతుంది, నల్ల దిమ్మను చూస్తే సారా బట్టీకా అని అనుమానిస్తారు. రైతును అని లాభం లేదు, రంగు చూసి కొనేది మనమే. చెరకులోంచి వచ్చిన యాంటీఆక్సిడెంట్లు ఎక్కువగా ఉండేది ఆ ముదురు రంగు బెల్లంలోనే. తమాషా ఏమిటంటే, రంగు పోగొట్టే హైడ్రోస్ కూడా రసాయనశాస్త్రం లెక్కలో ఆక్సీకరణకు విరోధే. పరీక్షనాళికలో వేస్తే దానికీ మంచి మార్కులే పడతాయి. అలాగని ఎవరైనా చెంచాడు నోట్లో వేసుకుంటారా?

నాళికలో మార్కులు పడినంత మాత్రాన ఒంటికి మేలు జరగాలని లేదు. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది మగవాళ్ల మీద జరిగిన పరీక్ష ఫలితం 1994లో వచ్చింది. బీటా కెరోటిన్ మాత్రలు మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువైంది. అదీ పేరున్న యాంటీఆక్సిడెంటే.

కాబట్టి డబ్బా తెచ్చిన బంధువును ఏ జబ్బు తగ్గింది, ఎంతమందికి, ఎన్నాళ్లకు అని అడగండి. మొహమాటం వద్దు. మూలికే కదా, హాని ఏముందిలే అనుకోవద్దు. చైనా మూలికల్లో డాన్‌షెన్ అని ఒకటుంది, గుండెకు మంచిదని అమ్ముతారు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకునేవాళ్లు దాన్ని కలిపి వాడితే రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంది. ఇంట్లో అలాంటి రోగి ఉంటే, ఆ డబ్బా మూత తీయకముందే డాక్టరుకు చూపించండి.