రెండు ఇంజన్లుంటే చాలా?

వత్సవాయి, జగ్గయ్యపేట, నందిగామ వైపు ట్రాక్టర్ కొనే రైతు షోరూములో ముందు అడిగేది హార్స్ పవర్ గురించి కాదు. "స్పేర్లు పేటలో దొరుకుతాయా? పిలిస్తే వచ్చే మెకానిక్కు ఉన్నాడా?" అని అడుగుతాడు. దమ్ము చేసే టైములో బండి ఆగిపోయి, పార్టు హైదరాబాదు నుంచి రావాలంటే ఆ నాలుగు రోజుల నష్టం ఎవడు భరిస్తాడు? సాగర్ కాలువ చివర్లో నీళ్ళొస్తాయో రావో తెలియకుండా సేద్యం చేసేవాళ్ళకి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. ఇదే లెక్కతో విమానాల్ని కూడా కొలవచ్చని నా వాదన.

నవ్వకండి, నిజంగానే అంటున్నా. వత్సవాయిలో ఉండే మా పెద్దమ్మ వాళ్ళబ్బాయి డాలస్ దగ్గర స్థిరపడ్డాడు. కొన్నేళ్ళుగా సొంతానికి బీచ్‌క్రాఫ్ట్ బేరన్ నడుపుతున్నాడు. రెండు పిస్టన్ ఇంజన్లు, ఆరు సీట్లు. ఇప్పుడు దాన్ని అమ్మేసి ట్విన్ టర్బోప్రాప్ కొందామని చూస్తున్నాడు. (అంత డబ్బు ఎక్కడిదని నన్నడక్కండి. అది వేరే కథ.) నేను పైలట్‌ని కాదు, కోడు రాసుకు బతికేవాణ్ణి. అయినా విమానాల పిచ్చి నాకూ ఉంది కాబట్టి, అన్నయ్య తను తయారుచేసిన ఎక్సెల్ షీటు నాకు పంపించాడు. స్పీడు, రేంజి, ఎంత ఎత్తుకి ఎగురుతుంది, ధర... అన్ని కాలమ్సూ ఉన్నాయి. ఉండాల్సిన రెండు మాత్రం లేవు. వాటి గురించే ఈ టపా.

అసలు మారడం ఎందుకు అంటే, కారణాలు గట్టివే. బేరన్‌లో కేబిన్ ప్రెషరైజేషన్ లేదు. పైకెళ్తే ఆక్సిజన్ పెట్టుకోవాలి, కిందనే ఉంటే మబ్బుల్లో కుదుపులు తినాలి. టర్బోప్రాప్ అయితే ఇరవై వేల అడుగుల పైన హాయిగా కూర్చుని వెళ్ళొచ్చు. టర్బైన్‌లో పిస్టన్లు కొట్టుకునే గొడవ లేదు. పీటీ6 ఇంజన్‌కి ఓవర్‌హాల్ గడువు మామూలుగా 3,600 గంటలు, బేరన్ ఇంజన్లకి అందులో సగం వేసుకోవచ్చు. పైగా పిస్టన్ విమానాలు తాగే సీసం కలిపిన పెట్రోలుని 2030 చివరికల్లా ఆపెయ్యాలని అమెరికాలో లక్ష్యం పెట్టుకున్నారు. టర్బైన్ తాగేది జెట్ ఫ్యూయల్, దానికా బెంగ లేదు.

ఇక సంతలో ఉన్న సరుకు చూద్దాం.

మొదటిది కింగ్ ఎయిర్ సీ90. ఈ 90 సిరీస్ 1964లో మొదలై 2021 దాకా తయారైంది. ఒక్కోటి 550 హార్స్ పవర్ ఉన్న రెండు పీటీ6 ఇంజన్లు. పాత మోడళ్ళు గంటకి 220-250 నాట్లు వెళ్తాయి. ఈ లిస్టులో ఇదే నత్త. అన్నయ్య షీటులో దీనికి మార్కులు తక్కువ పడ్డది అందుకే.

రెండోది సెస్నా 441 కాంక్వెస్ట్. దాదాపు 300 నాట్లు, 35 వేల అడుగులు, తక్కువ తాగుడు. చూడగానే మనసు పారేసుకునే బండి. కానీ తయారీ 1986లోనే ఆగిపోయింది, చేసినవి మొత్తం నాలుగు వందల లోపే.

మూడోది మిత్సుబిషి ఎమ్‌యూ-2. చిన్న రెక్క, రాకెట్ లాంటి స్పీడు. దీనికి మామూలు ఎయిలరాన్లు ఉండవు, రెక్క మీద స్పాయిలర్లతోనే పక్కకి వాల్చాలి. చెయ్యి తిరిగినవాడి చేతిలో బంగారం, అలవాటు లేనివాడి చేతిలో ప్రాణాంతకం. ఇవి కాక పైపర్ షాయెన్, టర్బో కమాండర్ కూడా ఉన్నాయి. అవీ కొత్తవి రావు.

ఇంజన్ల తేడా కూడా ఒక ముక్క చెప్పుకుందాం. పీటీ6లో గాలి పిండే భాగానికీ ప్రొపెల్లర్‌ని తిప్పే టర్బైన్‌కీ మధ్య ఇరుసు కలవదు, వేడిగాలి తోపే కలుపుతుంది. కాంక్వెస్ట్, ఎమ్‌యూ-2ల్లో ఉండే టీపీఈ331లో అంతా ఒకే ఇరుసు. అందుకే లివర్ తోసిన వెంటనే పలుకుతుంది, ఇంధనం తక్కువ తాగుతుంది. నేల మీద మాత్రం చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. సాంకేతికంగా రెండూ మంచివే. దీని మీద పైలట్లు కొట్టుకోవడం చూస్తే మన విండోస్, లైనక్స్ కొట్లాటలు గుర్తొస్తాయి :)

ఇప్పుడు షీటులో లేని మొదటి కాలమ్: ఎవడు బాగుచేస్తాడు? ఇక్కడ కింగ్ ఎయిర్‌ని కొట్టేది లేదు. అన్ని మోడళ్ళూ కలిపి ఏడు వేలకి పైగా అమ్మారు, పెద్దన్నలు ఇప్పటికీ ఫ్యాక్టరీ నుంచి వస్తూనే ఉన్నాయి. పార్టులు, మెకానిక్కులు, సిమ్యులేటర్లు అన్నీ దొరుకుతాయి. కాంక్వెస్ట్ ఎంత గొప్పదైనా, దాన్ని లోతుగా తెలిసిన షాపులు కొన్నే. పాతబడే కొద్దీ ఆ పనివాళ్ళూ రిటైరవుతుంటారు. అమ్మకం ధర చూసి మురిసిపోతే ఎలా? ఒక్కో టర్బైన్ ఓవర్‌హాల్‌కి లక్షల డాలర్లు అవుతుంది, అలాంటివి రెండు! గంటకి యాభై నాట్లు ఎక్కువ వెళ్ళి, నెలన్నర హ్యాంగర్లో పడుంటే అది వేగమా?

రెండో కాలమ్ ఇంకా ముఖ్యం: రెండో ఇంజను ఉన్నా, అవసరమొచ్చినప్పుడు నడిపేవాడికి దాన్ని వాడుకోవడం వచ్చా?

మన ఫీల్డు వాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. రెండు సర్వర్లు పెట్టి "మాకు బ్యాకప్ ఉంది" అని చెప్పుకునే కంపెనీలు ఎన్ని లేవు? ఫెయిలోవర్‌ని ఏనాడూ టెస్ట్ చెయ్యరు. మొదటి సర్వరు పోయిన రోజున రెండోది కూడా పోతుంది, డేటాతో సహా. విమానంలో అయితే ఇంకా ఘోరం. టేకాఫ్ అయిన వెంటనే ఒక ఇంజను పోతే, బతికున్న ఇంజనే విమానాన్ని పక్కకి తిప్పేస్తుంది. సరైన వైపు రడ్డర్ తొక్కి, స్పీడు పడిపోకుండా చూసుకుని, చచ్చిన వైపు ప్రొపెల్లర్‌ని గాలికి అడ్డం లేకుండా చెయ్యాలి. అదంతా క్షణాల్లో జరగాలి.

2019 జూన్ 30న సరిగ్గా డాలస్ పక్కనే, ఆడిసన్ ఎయిర్‌పోర్టులో జరిగింది ఇదే. కింగ్ ఎయిర్ 350, అంటే సీ90 కన్నా రెట్టింపు బలమున్న విమానం. పైకి లేవగానే ఎడమ ఇంజను శక్తి తగ్గింది. కుడి ఇంజను నడుస్తూనే ఉంది. అయినా కొన్ని సెకన్లలో హ్యాంగర్ మీద పడి పది మందీ పోయారు. ఇంజను శక్తి ఎందుకు తగ్గిందో తేలలేదు కానీ, పైలట్ విమానాన్ని అదుపులో ఉంచలేకపోవడమే కారణమని దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. మొదట తొక్కిన రడ్డర్ కూడా తప్పు వైపుదేనని డేటా చెప్పింది.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఉదాహరణ ఎమ్‌యూ-2. ప్రమాదాలతో చెడ్డపేరు మోసిన ఆ విమానానికి 2008లో అమెరికా ఎఫ్ఏఏ ప్రత్యేక శిక్షణ తప్పనిసరి చేస్తూ రూలు తెచ్చింది. విమానం మారలేదు. రెక్క అదే, ఇంజన్లు అవే. ప్రమాదాలు మాత్రం గణనీయంగా తగ్గాయి. మారింది పైలట్లు! నా వాదనకి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇంజన్ల సంఖ్యతో సంబంధం లేని చావులు మన దేశంలోనూ చూశాం. 2001 సెప్టెంబర్ 30న మాధవరావు సింధియా ప్రయాణించింది సీ90లోనే, ఉత్తరప్రదేశ్‌లోని మైన్‌పురి దగ్గర వాతావరణం బాగోలేనప్పుడు కూలింది. 2009 సెప్టెంబర్ 2న వైఎస్ రాజశేఖరరెడ్డి ఎక్కిన బెల్ 430 హెలికాప్టర్‌కి రెండు ఇంజన్లు, ఇద్దరు పైలట్లు. నల్లమల మీద ఆ ఉరుముల మబ్బుల్లోకి వెళ్ళాక రెండో ఇంజను ఏం చేస్తుంది? "ఈరోజు వద్దు, వెనక్కి పోదాం" అనే నిర్ణయాన్ని ఏ ఇంజనూ తీసుకోలేదు.

మరి ఒకే ఇంజను ఉన్న టీబీఎం, పిలాటస్ పీసీ-12 సంగతేంటి అంటారా? మంచి ప్రశ్న. కొత్త టీబీఎంలు ఒక్క పీటీ6తో 330 నాట్లు వెళ్తాయి, రెండింజన్ల సీ90 కన్నా తక్కువ తాగుతాయి. ఒక్కడే నడుపుకునే యజమానికి అది తెలివైన దారి అనేవాళ్ళున్నారు. వాళ్ళ మాట కొట్టిపారెయ్యలేను. కానీ రాత్రిపూట కొండల మీదుగా, నీళ్ళ మీదుగా కుటుంబాన్ని తీసుకెళ్ళేటప్పుడు, నిజంగా సాధన చేసిన పైలట్‌కి రెండో ఇంజను నిజంగానే రెండో అవకాశం. నా గొడవంతా ఆ "సాధన చేసిన" అన్న మాట దగ్గరే.

కాబట్టి నా ఓటు సీ90కి, రెండు షరతులతో. ఒకటి, ఏడాదికి వంద గంటలైనా ఎగరని వాడు దీని జోలికి పోవద్దు. బేరన్‌ని బాగా నడిపే చెయ్యి, కింగ్ ఎయిర్‌ని అప్పుడప్పుడూ ముట్టుకునే చెయ్యి కన్నా వెయ్యి రెట్లు నయం. రెండు, ప్రతి ఏడాదీ సిమ్యులేటర్‌కి వెళ్ళి ఇంజన్లు ఆపించుకుని చెమటలు పట్టేదాకా ప్రాక్టీసు చెయ్యాలి. అమెరికా రూల్ ప్రకారం 12,500 పౌండ్ల లోపు టర్బోప్రాప్‌కి విడిగా టైప్ రేటింగ్ అక్కర్లేదు. సీ90 పది వేల పౌండ్ల చిల్లరే. అంటే చట్టం ఒప్పుకుంటుంది. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన సరిపోతుందా? ఇన్సూరెన్సు వాళ్ళు ఒప్పుకోరు, అదే మన అదృష్టం.

ఇంకో మాట. 2004లో సౌందర్య బెంగళూరులో పోయినప్పటి నుంచీ చిన్న విమానం అంటేనే పెద్దమ్మకి గుండె దడ. "రెండు ఇంజన్లున్నాయమ్మా, ఒకటి ఆగినా రెండోది ఉంటుంది" అని అన్నయ్య ఫోన్లో సర్దిచెప్తుంటాడు. ఆవిడకి ఇవ్వాల్సిన ధైర్యం అది కాదు. "మబ్బు పడితే బయల్దేరనమ్మా, ఏటా పరీక్ష పెట్టించుకుంటానమ్మా" అని చెప్పాలి. చెప్పింది చెయ్యాలి. ఆ మాట మీద నిలబడే ఓపిక లేకపోతే సౌత్‌వెస్ట్ టికెట్టు కొనుక్కోవడం ఉత్తమం. దానికీ రెండు ఇంజన్లుంటాయి, ముందు ఇద్దరు నిపుణులు కూడా కూర్చుంటారు.