జీతం కోసి యోగా చెబుతారా?

నెలకు 30 వేల రూపాయలు చేతిలో పెట్టి అసిస్టెంట్ ప్రొఫెసర్ల చేత ఏళ్ల తరబడి పాఠాలు చెప్పించుకున్న గుజరాత్ ప్రభుత్వాన్ని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న గట్టిగానే మందలించింది. సభల్లో ‘గురుర్బ్రహ్మ’ శ్లోకం వల్లిస్తే సరిపోదని, ఆ మాట మీద నమ్మకముంటే గురువుల్ని చూసుకునే తీరులో అది కనబడాలని జస్టిస్ నరసింహ, జస్టిస్ జోయ్‌మాల్య బాగ్చీల ధర్మాసనం స్పష్టం చేసింది. ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీల్లో అవే పాఠాలు చెప్పే రెగ్యులర్ అధ్యాపకుడికి అందేది సుమారు రూ. 1,36,952. కాంట్రాక్టు అధ్యాపకుడికి అందులో నాలుగో వంతు కూడా లేదు. మంజూరైన 2,720 పోస్టుల్లో రెగ్యులర్‌గా నింపినవి 923. కాంట్రాక్టు మీద నెట్టుకొస్తున్నవి 902. ఖాళీగా వదిలేసినవి 737. ఇదీ రాష్ట్రం నడిపిన తీరు.

జీతాల లెక్కను న్యాయస్థానం తేల్చింది. ఆ అన్యాయాన్ని ఇన్నాళ్లూ కప్పిపెట్టిన మాట ఒకటి మాత్రం ఇంకా చలామణీలోనే ఉంది. అధ్యాపకుల మనోవ్యధ వారి వారి సొంత విషయమనీ, నడక, ఆసనాలు, ప్రాణాయామంతో అదే తగ్గిపోతుందనీ పాలకులు ఏటా జూన్ నెలలో పాడే పాట అది. యోగా దినోత్సవానికి ముందు విశ్వవిద్యాలయాలకు యూజీసీ లేఖలు వెళతాయి. అధ్యాపకులు, విద్యార్థులు పెద్దసంఖ్యలో పాల్గొనాలని కోరతాయి. 2023 జూన్ 21న ఇదే గుజరాత్ ప్రభుత్వం సూరత్‌లో 1,47,952 మందిని ఒకేచోట కూర్చోబెట్టి గిన్నిస్ రికార్డు సాధించింది. 2025 జూన్‌లో ఆ రికార్డును మన విశాఖపట్నం 3 లక్షల మందితో బద్దలు కొట్టింది. ప్రపంచం ఒత్తిడిలో, అశాంతిలో ఉందని, యోగా శాంతికి దారి చూపుతుందని ప్రధాని ఆ వేదిక మీదే అన్నారు.

వ్యాయామం మనసుకు మేలు చేస్తుంది, అందులో అనుమానం లేదు. నడక, యోగా కుంగుబాటును తగ్గిస్తాయని 218 అధ్యయనాలను క్రోడీకరించి బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2024లో ప్రచురించిన సమీక్ష కూడా చెప్పింది.

కానీ ఆ మేలును చూపించి యజమాని తన బాధ్యత నుంచి తప్పుకోవడం నిజాయితీ కాదు. కాంట్రాక్టు అధ్యాపకుడికి నిద్ర పట్టకపోవడానికి కారణం ఉదయం నడవకపోవడమా? వచ్చే ఏడాది రెన్యువల్ కాగితం వస్తుందో రాదో తెలియదు. పదేళ్లు పాఠం చెప్పినా సర్వీసు లెక్కకు రాదు. బ్యాంకుకు వెళితే ఇంటి అప్పు పుట్టదు. పక్క గదిలో అదే సిలబస్ చెప్పే సహోద్యోగి జీతం తన జీతానికి నాలుగు రెట్లకు పైనే ఉంటుంది. అడిగితే, ఒప్పుకునే చేరారు కదా అంటారు. పిల్లల తిండి కోసం తక్కువ కూలికి ఒప్పుకున్నవాడిది స్వచ్ఛందమైన ఒప్పుకోలు కాదని సుప్రీంకోర్టు 2016లోనే, జగ్జీత్ సింగ్ కేసులో తేల్చింది. ఈ అవమానం ఏ ఆసనంతో పోతుంది?

పరిశోధన కూడా పాలకుల మాటను నిలబెట్టడం లేదు. బ్రిటన్‌లో 233 సంస్థలకు చెందిన 46,336 మంది ఉద్యోగుల వివరాలను ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ పరిశీలించారు. ధ్యానం తరగతులు, ఒత్తిడిని తట్టుకునే శిక్షణ, మొబైల్ యాప్‌ల వంటి వాటిలో చేరినవారి మానసిక స్థితి చేరనివారికంటే మెరుగ్గా ఏమీ లేదని 2024లో వెల్లడించారు. పని ప్రదేశంలో మనసును దెబ్బతీసే కారణాల్లో ఉద్యోగ అభద్రతను, చాలీచాలని జీతాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థే పేర్కొంది. ఈ రెండూ పుట్టేది సర్కారు ఫైళ్లలో. అధ్యాపకుడు ఎంత గాఢంగా ఊపిరి పీల్చినా ఆ ఫైలు కదలదు. కాలికి ముల్లు గుచ్చినవాడే నడక సరిగ్గా నేర్చుకోమని సలహా చెప్పినట్టుంది ఈ వ్యవహారం.

సమ్మెకు దిగితే జీతం కోత రూపంలో ఇంకో దెబ్బ పడుతుంది. 2025 ఏప్రిల్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ల నియామకాలపై వచ్చిన జీవో 21ను రద్దు చేయాలంటూ ఉస్మానియా సహా తెలంగాణ విశ్వవిద్యాలయాల కాంట్రాక్టు అధ్యాపకులు తరగతులు వదిలి ధర్నాలో కూర్చున్నారు. అరకొర జీతం మీద బతికే కుటుంబానికి సమ్మె రోజులంటే అద్దె, ఫీజు, మందులు అన్నీ ఒకేసారి మీద పడే రోజులు. ప్రభుత్వోద్యోగులకు సమ్మె హక్కు లేదని 2003లో సుప్రీంకోర్టు అన్న మాట నిజమే. కానీ పాలకులు వల్లించే ‘నో వర్క్, నో పే’ సూత్రానికి ఇంకో సగం కూడా ఉంది. సమ్మె చట్టబద్ధం, న్యాయసమ్మతం అయితే ఆ రోజుల జీతం ఇవ్వాల్సిందేనని 1994లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఈ సగాన్ని వారు ఎందుకు చదవరు? బ్రిటన్‌లోనూ 2023లో జవాబు పత్రాలు దిద్దడం మానేసిన అధ్యాపకులకు కొన్ని విశ్వవిద్యాలయాలు సగం నుంచి పూర్తి జీతం దాకా కోసేశాయి. ఎక్కడైనా ఎత్తు ఒకటే: ఆకలితో లొంగదీయడం.

సూరత్‌లో మరమగ్గాల మీద బతుకుతున్న తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. తమ పిల్లలు మగ్గం దగ్గర ఆగిపోకుండా ఇంజినీర్లు కావాలని ఆ తల్లిదండ్రులు కోరుకుంటారు. వారికి అందుబాటులో ఉండేది ప్రభుత్వ కాలేజీయే. అక్కడ పాఠం చెప్పే మనిషి మనసు కుదుటపడకపోతే నష్టపోయేది ఆ పిల్లలు.

చేయాల్సినవి తెలిసినవే. గుజరాత్ ప్రభుత్వం తీర్పును మరో పిటిషన్‌తో సాగదీయకుండా, అందులో చెప్పినట్టు 8 శాతం వడ్డీతో జీతాల బకాయిలు చెల్లించాలి. ఖాళీలను నింపాలి. కాంట్రాక్టు నియామకాలు పది శాతం మించకూడదని, వారి జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ జీతానికి తగ్గకూడదని యూజీసీ 2018లో పెట్టిన నిబంధనలను తెలుగు రాష్ట్రాలు కూడా అమలు చేయాలి. న్యాయమైన డిమాండుతో సమ్మె చేసిన రోజులకు కోసిన జీతం తిరిగి ఇవ్వాలి. అవి చేసే దాకా అధ్యాపకుల మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడే నైతిక హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు.