ఉచితం వెనుక లెక్క

గల్ఫ్‌లో పనిచేసే మనకు 'ఫ్రీ' అనే మాట వింటేనే కాస్త భయం. 'ఫ్రీ వీసా' పేరుతో లక్షలు పోసి వచ్చినవాళ్లు మన మధ్యనే ఉన్నారు. పేరులో ఫ్రీ ఉంది గానీ అందులో ఉచితమూ లేదు, స్వేచ్ఛా లేదు. ఏజెంటుకు కట్టాలి, కఫీల్‌కు కట్టాలి, పట్టుబడితే ఆ శిక్ష మనమే అనుభవించాలి. అందుకే ఎవరైనా ఊరికే ఇస్తామంటే 'వాడికేంటి లాభం?' అని అడగడం మనకు అలవాటైంది. మంచి అలవాటే. కానీ అడిగి ఊరుకోకూడదు, జవాబు కూడా వెతకాలి.

ఇప్పుడు మన క్యాంపుల్లో శుక్రవారమో ఆదివారమో ల్యాప్‌టాప్ ముందేసుకుని ప్రోగ్రామింగ్ నేర్చుకునే కుర్రాళ్లు ఉన్నారు. ఊళ్లో తమ్ముడికో చెల్లెలికో కంప్యూటర్ కోర్సు ఫీజు పంపేవాళ్లకైతే లెక్కే లేదు. వీళ్లందరూ మొదట పట్టుకునే పనిముట్టు చాలావరకు ఉచితంగా దొరుకుతుంది. వ్యాపారం చేసుకునే కంపెనీ దాన్ని ఊరికే ఎందుకిస్తోంది?

మైక్రోసాఫ్ట్ సంగతే చూద్దాం. ఆల్టెయిర్ అనే చిన్న కంప్యూటర్‌కు బేసిక్ భాష తయారుచేసి ఇవ్వడంతోనే 1975లో ఆ కంపెనీ మొదలైంది. మరుసటి ఏడాదే బిల్ గేట్స్ ఒక బహిరంగ లేఖ రాశారు. డబ్బు కట్టకుండా మా బేసిక్‌ను కాపీ చేసుకుంటే ఇక మంచి సాఫ్ట్‌వేర్ ఎవరు తయారుచేస్తారన్నది ఆ లేఖ సారాంశం. అదే కంపెనీ 2005 నవంబరులో విజువల్ స్టూడియో ఎక్స్‌ప్రెస్ పేరుతో, కొత్తగా నేర్చుకునేవారి కోసం ప్రోగ్రామింగ్ పనిముట్లను ఉచితంగా విడుదల చేసింది. ముందు ఏడాదిపాటే అన్నారు. 2006 ఏప్రిల్‌లో ఎప్పటికీ ఉచితమేనని ప్రకటించారు. ముప్పై ఏళ్లలో మనసు మారిందా? మనసు కాదు, లెక్క మారింది.

ఆ లెక్క సైటు మీద పనిచేసే మనకు తేలిగ్గానే అర్థమవుతుంది. ఒక సిమెంటు బస్తా ఊరికే ఇస్తే గోదాములో ఒక బస్తా తగ్గుతుంది. సాఫ్ట్‌వేర్ కాపీ ఇంకొకటి ఇస్తే కంపెనీకి తగ్గేది దాదాపు ఏమీ లేదు. పైగా డబ్బులేని విద్యార్థి ఎలాగూ కొనేవాడు కాదు. కాబట్టి పోయే అమ్మకం తక్కువ, వచ్చే లాభం ఎక్కువ.

ఏమిటా లాభం? షాపులు లేని మాల్‌కు జనం రారు. విండోస్ కూడా అలాంటిదే. దానిమీద నడిచే ప్రోగ్రాములు ఎంత ఎక్కువుంటే విండోస్ అంత అమ్ముడుపోతుంది. ఆ ప్రోగ్రాములు రాసేవాళ్లు కావాలి కదా! ఇక పోటీ సంగతి. అప్పటికే జావా ఉచితంగా దొరికేది. ఐబీఎం చొరవతో 2001లో ఎక్లిప్స్ వచ్చింది, అదీ ఉచితమే. లైనక్స్, పీహెచ్‌పీ సరేసరి. కాలేజీ కుర్రాడు అటు పోతే రేపు ఉద్యోగంలో చేరాక కూడా అదే అడుగుతాడు. మొక్కై వంగనిది మానై వంగునా అన్నది కంపెనీలకూ తెలుసు. ఒక మిషన్ మీద చెయ్యి తిరిగిన పనివాడు కొత్త సైటుకు వెళ్లినా అదే మిషన్ కావాలంటాడు. అప్పుడు డబ్బు కట్టేది పనివాడు కాదు, అతన్ని పెట్టుకున్న సంస్థ.

అందుకే ఉచితంగా ఇచ్చినదానికి ఒక గోడ కట్టి ఉంచుతారు. ఎక్స్‌ప్రెస్‌తో రాసిన ప్రోగ్రామును అమ్ముకోనిచ్చేవారు గానీ, దానికి బయటి అదనపు సౌకర్యాలు తగిలించుకునే వీలు ఉండేది కాదు. అవి కావాలంటే డబ్బు పెట్టి పెద్దది కొనాల్సి వచ్చేది. 2014లో దాని స్థానంలోకి విజువల్ స్టూడియో కమ్యూనిటీ వచ్చింది. సౌకర్యాలు పెరిగాయి, గోడ మాత్రం వేరే చోటికి జరిగింది. సొంతంగా పనిచేసుకునేవారికి ఉచితం. చిన్న సంస్థల్లో అయిదుగురి వరకు వాడుకోవచ్చు. 250 కంటే ఎక్కువ కంప్యూటర్లో, ఏడాదికి 10 లక్షల డాలర్లు మించిన ఆదాయమో ఉన్న సంస్థ తన మామూలు పనికి వాడితే కుదరదు.

నిర్మాణ రంగంలో ఉన్న మాకు ఈ గోడ కొత్త కాదు. విద్యార్థులకు ఉచితంగా ఇచ్చే ఆటోక్యాడ్‌తో గీసిన డ్రాయింగ్‌ను ప్రింటు తీస్తే, ఒకప్పుడు నాలుగు అంచుల్లోనూ అది విద్యార్థి కాపీ అనే ముద్ర పడేది. అందులోంచి ఒక ముక్క తెచ్చి వేరే డ్రాయింగ్‌లో అతికిస్తే దానికీ ఆ ముద్ర అంటుకునేది. అలాంటి డ్రాయింగ్ కన్సల్టెంటు ముందు పెట్టి తలదించుకున్నవాళ్లను చూశాం. తర్వాత ఆ ముద్ర తీసేశారు. షరతు మాత్రం పోలేదు.

ఇంతకీ ఇది కూడా ఫ్రీ వీసా లాంటి మోసమేనా? కాదు. ఇక్కడ ఇచ్చేవాడి స్వార్థం దాపరికం లేనిది, షరతులు కాగితం మీదే ఉన్నాయి. అసలు మోసం మధ్యలో జరుగుతోంది. మా గదిలోని ఒక తమ్ముడు తన ఓవర్‌టైమ్ డబ్బంతా కూడబెట్టి ఊళ్లో చెల్లెలి కోర్సుకు పంపాడు. రశీదు చూస్తే పాఠాల ఫీజు వేరు, 'సాఫ్ట్‌వేర్ ఖర్చు' వేరు! ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఊరికే ఇస్తున్నదే. ఎండలో నిలబడి సంపాదించిన ఆ డబ్బు ఎవరి జేబులోకి పోయినట్లు?

కాబట్టి ఇంటికి డబ్బు పంపేముందు ఒక ఫోన్ చేయండి. ఏ సాఫ్ట్‌వేర్ నేర్పుతున్నారు, అది ఉచితమా కాదా అని పేరు పెట్టి అడగండి. చదువు చెప్పినందుకు ఫీజు ఇవ్వడం న్యాయం. ఊరికే దొరికేదానికి ధర కట్టడం అన్యాయం. మనమే నేర్చుకుంటుంటే దాన్ని నేరుగా కంపెనీ దగ్గరే తీసుకుందాం. ఆఫీసు కంప్యూటర్లో వేసేముందు షరతులు చదువుదాం.

అన్నిటికంటే ముఖ్యం, పనిముట్టుతో పాటు పని నేర్చుకోవాలి. మట్టం చూడడం తెలిసిన మేస్త్రీ ఎవరు చేసిన రసమట్టం చేతికిచ్చినా గోడ నిటారుగా కడతాడు. ప్రోగ్రామింగూ అంతే. ఏ బటన్ ఎక్కడుందో మాత్రమే తెలిస్తే మనం కంపెనీకి అలవాటుపడ్డ ఖాతాదారులం. లెక్క ఎలా కట్టాలో తెలిస్తే ఆ విద్య మనది. కంపెనీ తన లాభం చూసుకుని ఇస్తోంది. మనమూ మన లాభం చూసుకునే తీసుకుందాం.