మన సర్వర్, మన టోకెన్: ఆవిర్భావ ప్రణాళిక

సంఘం పెట్టుకున్న రోజే వాట్సాప్ గ్రూపు పెట్టుకోవడం మనకు అలవాటైపోయింది. ఉపాధ్యాయ సంఘమైనా, కాలనీ సంక్షేమ సంఘమైనా, గ్రంథాలయ కమిటీ అయినా చర్చలన్నీ అక్కడే. అందులో చేరాలంటే ఫోన్ నంబరు ఉండాలి. రేపు కంపెనీ తన నియమాలు మారిస్తే మనల్ని అడిగేవారు లేరు. సభ్యత్వ రిజిస్టరు మన బీరువాలో ఉంటుంది, సభ్యుల మాటలు మాత్రం మనకు అజమాయిషీ లేని చోట సాగుతాయి.

ఈ స్థితి మారాలని ఈ వేదికను ప్రారంభిస్తున్నాం. ప్రతి సంఘం మాటలు ఆ సంఘం సొంత సర్వర్‌లో ఉండాలి. లోపలికి ఎవరు రావాలో, ఎవరి ప్రవేశం రద్దు కావాలో ఆ సంఘమే తేల్చుకోవాలి. ఇదే మా లక్ష్యం.

మా అవగాహన

ఇది గాలిలో మేడ కాదు. 2014లో మొదలైన మాట్రిక్స్ అనే ఓపెన్ ప్రమాణం మీద ఫ్రాన్స్ ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం 2019లో చాప్ అనే సందేశ సేవను తెచ్చింది. జర్మనీ సైన్యం కూడా అదే ప్రమాణాన్ని వాడుతోంది. మాట్రిక్స్‌కు సినాప్స్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని ఎవరైనా దించుకుని నడుపుకోవచ్చు. చిన్న సంఘానికి ఒక చిన్న అద్దె సర్వర్ సరిపోతుంది.

కానీ సొంత సర్వర్ ఉన్నంత మాత్రాన భద్రత రాదు. 2019 ఏప్రిల్‌లో మాట్రిక్స్ ప్రధాన సర్వర్‌లోకే చొరబాటు జరిగింది. సకాలంలో అప్‌డేట్ చేయని ఒక సాఫ్ట్‌వేర్ అందుకు దారి ఇచ్చింది. లాగిన్ అయిన వాళ్లకు సర్వర్ ఇచ్చే యాక్సెస్ టోకెన్లు కూడా బయటపడి ఉండవచ్చని వాడుకరులందరినీ లాగౌట్ చేయాల్సి వచ్చింది. ఎందుకంటే టోకెన్ ఎవరి చేతిలో ఉంటే సర్వర్‌కు వాళ్లే సభ్యులు. అందుకే టోకెన్ల క్రమశిక్షణే మా ఉద్యమానికి పునాది.

మా సూత్రాలు

1. నమోదును బార్లా తెరిచి పెట్టం. సినాప్స్ కాన్ఫిగరేషన్‌లో నమోదుకు టోకెన్ తప్పనిసరి చేసే సెట్టింగు ఉంది. దాన్ని ఆన్ చేస్తాం. ఒక్కో కొత్త సభ్యుడికి ఒక్కో టోకెన్. అది ఒక్కసారే పనిచేయాలి, వారంలో గడువు తీరాలి. ఫోన్ నంబరు అడగం.

2. సభ్యుల జాబితాతో సొంత వెబ్‌సైటు ఇప్పటికే ఉన్న సంఘాల్లో రెండో పాస్‌వర్డ్ పెట్టం. పాస్‌వర్డును సైటే సరిచూసి, జేడబ్ల్యూటీ అనే సంతకం చేసిన టోకెన్ ఇస్తుంది. చాట్ సర్వర్ ఆ సంతకాన్ని పరిశీలించి లోపలికి రానిస్తుంది. పాస్‌వర్డ్ చాట్ సర్వర్ దాకా వెళ్లదు.

3. సంతకానికి వాడే రహస్య కీ యాదృచ్ఛికంగా తయారు కావాలి, కనీసం 256 బిట్లు ఉండాలి. సంఘం పేరూ, స్థాపించిన సంవత్సరమూ కలిపి కీ చేయం. దాన్ని కోడ్‌లో గానీ, గ్రూపు సందేశంలో గానీ పెట్టం. టోకెన్‌ను ఎవరు ఇచ్చారో, ఏ సర్వర్ కోసం ఇచ్చారో కూడా సరిచూస్తాం.

4. జేడబ్ల్యూటీలో చుక్కలతో విడిపోయిన మూడు భాగాలుంటాయి. మధ్య భాగంలోని సమాచారాన్ని ఎవరైనా విప్పి చదవగలరు. సంతకం దాన్ని మార్చనివ్వదు గానీ దాచిపెట్టదు. కాబట్టి అందులో సభ్యుడి యూజర్‌నేమ్, గడువు వంటి అవసరమైన వివరాలే రాస్తాం.

5. జేడబ్ల్యూటీ గడువు నిమిషాల్లోనే ముగియాలి. అయితే లాగిన్ అయ్యాక సర్వర్ వేరే యాక్సెస్ టోకెన్ ఇస్తుంది. జేడబ్ల్యూటీ గడువు తీరినా అది బతికే ఉంటుంది. సంఘం వదిలిన వ్యక్తిని వెబ్‌సైటు జాబితాలోంచి తీసేసి ఊరుకుంటే, అతని ఫోన్‌లో చాట్ తెరిచే ఉంటుంది. అందుకే రాజీనామా ఆమోదించిన రోజే సర్వర్‌లోనూ అతని ఖాతాను నిలిపివేయాలి.

తక్షణ కార్యక్రమం

పై సెట్టింగులన్నిటికీ అడుగడుగు వివరణతో తెలుగులో మార్గదర్శి రాస్తాం. సంఘం వెబ్‌సైటు నుంచి జేడబ్ల్యూటీతో చాట్‌లోకి చేర్చే చిన్న ప్రోగ్రామును ఓపెన్ సోర్సుగా ఇస్తాం. ప్రతి సర్వర్‌కూ కనీసం ఇద్దరు నిర్వాహకులకు శిక్షణ ఇస్తాం. అప్‌డేట్లు, బ్యాకప్‌లు వాళ్ల బాధ్యత. గడువు తీరిన టోకెన్‌తో, తప్పుడు సంతకంతో, తొలగించిన సభ్యుడి ఖాతాతో లాగిన్ అయ్యేందుకు ప్రయత్నించి చూస్తాం. మూడింటినీ సర్వర్ తిప్పికొట్టాకే సభ్యులను పిలుస్తాం.

ఒకే యాప్‌ను నమ్ముకోం. 2023 మేలో కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 14 మెసేజింగ్ యాప్‌లలో మాట్రిక్స్ మీద నడిచే పేరున్న యాప్ ఎలిమెంట్ కూడా ఉంది. ఓపెన్ ప్రమాణం కాబట్టి అదే సర్వర్‌ను ఇతర యాప్‌లతోనూ వాడుకోవచ్చు. ఆ వెసులుబాటును సభ్యులకు నేర్పుతాం.

పిలుపు

లినక్స్ కమాండ్లు తెలిసిన విద్యార్థులారా, ఉద్యోగులారా, మీ ఊరి సంఘానికి వారాంతంలో కొన్ని గంటలు ఇవ్వండి. సంఘాల కార్యదర్శులారా, వచ్చే కార్యవర్గ సమావేశం ఎజెండాలో సొంత సర్వర్ అంశాన్ని చేర్చండి, ఇద్దరు బాధ్యులను ఎన్నుకోండి. మన మాటల మీద అజమాయిషీ మనమే చేపడదాం. రండి, చేతులు కలపండి!