చెరువు శాస్త్రం బడిలోనే నేర్పాలి

కోస్తా జిల్లాల ఉన్నత పాఠశాలల్లో ఆక్వా సాగు, సముద్ర విజ్ఞానం ఎనిమిదో తరగతి నుంచే పరీక్ష, మార్కులూ ఉన్న పాఠ్యాంశం కావాలి. దేశంలో పండే రొయ్యల్లో మూడింట రెండు వంతులకు పైగా ఆంధ్రప్రదేశ్‌వే. 2023-24లో మన దేశం ఎగుమతి చేసిన సముద్ర ఉత్పత్తుల విలువ రూ.60,523 కోట్లు కాగా, అందులో రూ.40,013 కోట్లు శీతలీకరించిన రొయ్యల ద్వారా వచ్చినవే. ఇంతటి సంపదను పుట్టిస్తున్న నీటి గురించి ఆ నీటి ఒడ్డున పెరిగే పిల్లలకు బడిలో దాదాపు ఏమీ చెప్పడం లేదు. భీమవరం చుట్టుపక్కలనో, నెల్లూరు తీరంలోనో చెరువు గట్ల మీదుగా బడికి నడిచే విద్యార్థి మొప్పల గురించి పుస్తకంలో చదువుతాడు. తెల్లవారుజామున రొయ్య పైకి ఎందుకు తేలుతుందో మాత్రం పదో తరగతి దాటినా అతనికి ఎవరూ చెప్పరు.

నిజానికి అతను చదివే విజ్ఞానశాస్త్రమంతా ఆ చెరువులోనే ఉంది. పగటి ఎండలో నీటిలోని శైవలాలు కిరణజన్య సంయోగక్రియతో ఆక్సిజన్‌ను వదులుతాయి. కార్బన్ డయాక్సైడ్‌ను అవి వాడేసుకోవడంతో మధ్యాహ్నానికి నీటి పీహెచ్ పెరుగుతుంది. రాత్రయ్యాక ఆ శైవలాలూ, రొయ్యలూ, అడుగు మట్టిలోని సూక్ష్మజీవులూ అన్నీ ఆక్సిజన్‌ను తీసుకునేవే. కనుక వేకువకు అది బాగా పడిపోతుంది. ఆ వేళకు కరెంటు పోయి నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగితే నెలల శ్రమ కొన్ని గంటల్లో తుడిచిపెట్టుకుపోతుంది. పీహెచ్ పెరిగేకొద్దీ మిగిలిన మేత, విసర్జితాల నుంచి పుట్టే అమోనియా మరింత విషపూరితమవుతుంది. శ్వాసక్రియ, ఆమ్లాలు-క్షారాలు, ఆహారపు గొలుసు అన్నీ పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికే ఉన్నాయి. వాటిని చెరువుతో ముడిపెట్టి చెప్పే ఏర్పాటే లేదు.

ఈ లోటుకు తీరం పెద్ద మూల్యమే చెల్లించింది. టైగర్ రొయ్య మోజులో చెరువులు తవ్విన వేలాది కుటుంబాలను 1994-95లో వైట్ స్పాట్ వైరస్ అప్పుల్లో ముంచింది. పొలాలు, తాగునీరు ఉప్పుబారుతున్నాయన్న ఫిర్యాదులతో వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తీర నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువులను తొలగించాలని 1996 డిసెంబరులో కోర్టు తీర్పిచ్చింది. తీర ప్రాంత ఆక్వా సాగుకు ప్రాధికార సంస్థను నెలకొల్పే చట్టం 2005లో గానీ రాలేదు. 2009లో అనుమతి పొందిన వనామీ రకం రొయ్య మళ్లీ ఆశలు నింపింది, దాని వెంటే ఈహెచ్‌పీ వంటి కొత్త తెగుళ్లూ వచ్చాయి. ఈ కాలమంతా రైతుకు అందుబాటులో ఉన్న సలహాదారు ఎక్కువగా మేత కంపెనీ ప్రతినిధి, లేదంటే మందుల దుకాణదారు. అమ్మేవాడే సలహా ఇస్తే వాడకం పెరగడం సహజం. నిషేధిత యాంటీబయాటిక్స్ అవశేషాలు బయటపడుతుండటంతో మన రొయ్యల సరుకులో తనిఖీ చేసే వాటాను 2016లో ఐరోపా సమాఖ్య 10 నుంచి 50 శాతానికి పెంచింది. వైరస్‌పై యాంటీబయాటిక్ పనిచేయదన్నది హైస్కూలు పాఠమే. ఆ పాఠం చెరువు గట్టు దాకా చేరి ఉంటే ఎంత డబ్బు, ఎంత పరువు మిగిలేవో ఆలోచించాలి.

కాలుష్యానికి కారణమవుతున్న సాగును బడిలోకి తెచ్చి ప్రోత్సహించడమేమిటని పర్యావరణవేత్తలు అడగవచ్చు. వారి ఆందోళనే ఈ చదువు అవసరాన్ని బలపరుస్తోంది. కొల్లేరు సరస్సులో అభయారణ్య హద్దు అయిన ఐదో కాంటూరు లోపలి చేపల చెరువులను 2006లో ఎందుకు ధ్వంసం చేయాల్సి వచ్చిందో, మడ అడవి పోతే తుపానుకు ఊరు ఎలా బలవుతుందో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో చేపల వేటను ఎందుకు నిషేధిస్తారో, ట్రాల్ వలల్లో చిక్కి ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఎలా చనిపోతున్నాయో ఈ పాఠ్యాంశంలో ఉండి తీరాలి. పోలీసు కాపలాతో, జేసీబీలతో నీటిని ఎల్లకాలం రక్షించలేం. కాలువలోకి వదిలే చెరువు నీటిని పరీక్షించడం తెలిసిన పౌరులు ఊరిలోనే ఉంటే ఆ రక్షణ నిలుస్తుంది.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం మరొకటి ఉంది. మత్స్యకారుల పిల్లలను మళ్లీ వలకే కట్టేస్తారా అని ఆ కుటుంబాలు అడిగితే తేలిగ్గా తీసుకోకూడదు. కులవృత్తి పేరిట చదువుకు హద్దులు గీసిన చరిత్ర మనకుంది. అందుకే ఈ పాఠ్యాంశం ఏ ఒక్క కులం పిల్లలకో, ప్రత్యేక పాఠశాలలకో పరిమితం కాకూడదు. తీర మండలాల్లోని విద్యార్థులందరూ దీన్ని చదవాలి. గణితం, ఇంగ్లిష్, భౌతికశాస్త్రాల్లో ఒక్క గంట కూడా తగ్గకూడదు. అప్పుడు వేట కుటుంబంలోని అమ్మాయి ముత్తుకూరు మత్స్య కళాశాల మీదుగా హేచరీ నిపుణురాలు కావచ్చు, వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలను నడపవచ్చు. పూర్తిగా వేరే రంగాన్ని ఎంచుకునే స్వేచ్ఛా ఆమెకు ఉంటుంది. నేడు ఆ కుటుంబాలకు తెలిసిన నీటి విద్యకు బడిలో విలువే లేదు. దానికి గౌరవం దక్కడం వారికి మేలే.

ఇంటర్‌లో ఫిషరీస్ వృత్తివిద్యా కోర్సు ఉందిగా అనే వాదన సరిపోదు. అది ఎంచుకున్న కొందరికే, అదీ పదో తరగతి తర్వాతే అందుతుంది. ఆరో తరగతి నుంచే వృత్తి నైపుణ్యాలను పరిచయం చేయాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది. జపాన్‌లో మత్స్యరంగానికి ప్రత్యేక ఉన్నత పాఠశాలలే ఉన్నాయి. కేరళలో ఫిషరీస్ టెక్నికల్ హైస్కూళ్లు నడుస్తున్నాయి. ఉపాధ్యాయులేరన్న ప్రశ్నకూ జవాబు దగ్గరలోనే ఉంది. మత్స్యశాస్త్ర పట్టభద్రులను క్లస్టర్‌కు ఒకరి చొప్పున నియమించి, సైన్స్ ఉపాధ్యాయులకు కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ద్వారా శిక్షణ ఇప్పించవచ్చు. లవణీయత, పీహెచ్, కరిగిన ఆక్సిజన్ కొలిచే కిట్లకు కోట్లు అక్కర్లేదు.

వచ్చే విద్యా సంవత్సరంలోనే ప్రతి తీర జిల్లాలో కొన్ని పాఠశాలలతో దీన్ని మొదలుపెట్టి, మూడేళ్లలో తీర మండలాలన్నింటికీ విస్తరించాలి. పాఠాలు రాసే పని శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు, అనుభవమున్న రైతులు, మత్స్యకారులది. మేత, మందుల కంపెనీల సొమ్ముగానీ ప్రకటనగానీ ఈ పుస్తకాల దరిదాపులకు రాకూడదు. నరసాపురంలో మత్స్య విశ్వవిద్యాలయానికి 2020లోనే చట్టం చేసిన ప్రభుత్వానికి దానికి పునాది వేయాల్సింది హైస్కూళ్లలోనేనన్న సంగతి తెలియనిది కాదు. ఆ పని ఇక వాయిదా పడకూడదు.