మంచుపై చల్లే ఉప్పు: మరువరాని జాగ్రత్తలు

కాశ్మీరు లోయలో ఏటా డిసెంబరు 21న మొదలై నలభై రోజులపాటు సాగే కటిక చలికాలాన్ని అక్కడి ప్రజలు ‘చిల్లై కలాన్’ అంటారు. ఆ రోజులలో బనిహాల్, కాజీగుండ్, శ్రీనగర్, బారాముల్లా స్టేషన్లలో తెల్లవారుజామున డ్యూటీకి వచ్చే రైల్వే ఉద్యోగికిగాని, సంచి భుజాన వేసుకొని బయలుదేరే పోస్ట్‌మన్‌కుగాని ప్రతి అడుగూ గండమే. రాత్రి కురిసిన మంచు తెల్లవారేసరికి ప్లాట్‌ఫారాలపైన, మెట్లపైన అద్దంవలె గడ్డకట్టి ఉంటుంది. 2025 జూన్‌లో కాట్రా - శ్రీనగర్ మధ్య రైళ్ళు ప్రారంభమై, లోయలోని రైలుమార్గం దేశపు రైలుమార్గాలతో కలిసిపోయింది. మనవి అఖిల భారత సంస్థలు. కనుక అక్కడి సోదరుల భద్రత సికింద్రాబాదు, విజయవాడలలో పనిచేసే మనకుకూడ పట్టవలసిన విషయమే.

గడ్డకట్టిన మంచును వదలించడానికి ఉప్పు చల్లడం అనేక దేశాలలో వాడుకలో ఉన్న పద్ధతి. అయితే దానికి పరిమితులున్నవి. సాధారణ ఉప్పు సుమారు మైనస్ 9 డిగ్రీల సెంటీగ్రేడు వరకే సమర్థంగా పనిచేస్తుంది. అంతకు మించిన చలిలో బస్తాలకొద్దీ గుమ్మరించినా ఫలితం స్వల్పమే. కాల్షియం క్లోరైడు ఇంకా తీవ్రమైన చలిలోనూ పనిచేస్తుంది. కాని తేమ తగిలినప్పుడు వేడి పుట్టించి చర్మాన్ని, కళ్ళను బాధిస్తుంది. దానిని వట్టి చేతులతో చల్లించడం కార్మికుని పట్ల చేసే అన్యాయం.

కాంక్రీటుకు జరిగే హానికూడ తక్కువది కాదు. నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఉప్పువలన కరిగిన నీరు కాంక్రీటు రంధ్రాలలోకి ఇంకి, మరల గడ్డకట్టి, పైపొరను పెచ్చులుగా ఊడదీస్తుంది. ఉప్పులోని క్లోరైడు లోపలి ఇనుప ఊచలను చేరి తుప్పు పట్టిస్తుంది. ఉప్పునీరు పట్టాల మధ్య కంకరలోకి చేరితే బిగింపులు తుప్పు పట్టడమేగాక, ట్రాక్ సర్క్యూట్లకుకూడ ఇబ్బంది కలుగుతుంది. ఈ ఏడు పెచ్చులూడిన మెట్టు వచ్చే ఏడు మరొక ఉద్యోగి కాలు విరగడానికి కారణం కాగలదు.

కనుక పాటించవలసిన క్రమం ఇది: మంచు గట్టిపడకముందే పారలతో తొలగించాలి. మిగిలిన పలుచని పొరపైన మాత్రమే ఉప్పును కొద్దిగా చల్లాలి. మెత్తబడిన మంచును, ఉప్పునీటిని వెంటనే ఊడ్చివేయాలి. చలి మరీ తీవ్రమైనప్పుడు ఇసుక చల్లాలి. ఇసుక మంచును కరిగించదు, కాని కాలికి పట్టునిస్తుంది. కొత్తగా వేసిన కాంక్రీటుపై మొదటి శీతకాలంలో ఉప్పు చల్లకుండా ఇసుకతోనే సరిపెట్టుకోవాలి. అమ్మోనియం నైట్రేటు, అమ్మోనియం సల్ఫేటు ఉన్న ఎరువులను ఎన్నడూ చల్లరాదు. అవి కాంక్రీటునే తినివేస్తాయి. అతిశీతల ప్రాంతాలలో సూక్ష్మమైన గాలిబుడగలు నిలిచేటట్లు తయారుచేసిన కాంక్రీటునే వాడాలి. అది గడ్డకట్టే నీటి ఒత్తిడిని చాలావరకు తట్టుకొంటుంది.

ఈ జాగ్రత్తలు తెలిసినంతమాత్రాన చాలదు. పార, ఇసుక, చేతితొడుగులు, కళ్ళజోళ్ళు, జారని బూట్లు శీతకాలానికి ముందే స్టేషన్లకు, తపాలా కార్యాలయాలకు చేరాలి. కాంట్రాక్టు సఫాయీ కార్మికులకు, గ్రామీణ డాక్ సేవకులకుకూడ వీటిని తప్పక ఇవ్వాలి. ఉద్యోగి జారిపడినప్పుడు ‘అజాగ్రత్త’ అని ఒక్కమాటలో ఫైలు మూసివేసే ధోరణిని మనం అంగీకరించరాదు. ఆనాడు అక్కడ మంచు తొలగించినదెవరు, అందుకు ఏ సామగ్రి ఇచ్చారు అన్న ప్రశ్నకు అధికారులు ముందు సమాధానం చెప్పాలి.

శీతల ప్రాంతాలలోని శాఖలన్నీ మంచు పడకముందే ఈ కోర్కెలను లిఖితపూర్వకంగా అధికారులకు అందజేసి, చర్చలకు పట్టుపట్టాలని కోరుతున్నాము. మైదాన ప్రాంతాల శాఖలు వారికి అండగా నిలవాలి. కాలు విరిగిన తరువాత నష్టపరిహారానికై పోరాడడంకంటె, కాలు జారకుండా చూడమని ముందే పోరాడడం మేలు.